బ్రిటన్‌లో పాపీ పువ్వు: డబ్బాలో డబ్బులేయడం నుంచి రెండు నిమిషాల మౌనం దాకా

అక్టోబర్ చివరి వారం వచ్చిందంటే బ్రిటన్‌లో టీవీ యాంకర్ల కోట్ల మీద, రైల్వే స్టేషన్లో టికెట్లు చూసే ఉద్యోగుల మీద, సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న పెద్దాయన మీద పాపీ అనే చిన్న ఎర్ర కాగితం పువ్వు, యుద్ధాల్లో పోయిన సైనికుల గుర్తుగా పెట్టుకునేది, కనిపించడం మొదలవుతుంది. చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన మనవాళ్లకి అక్కణ్ణుంచి సందేహాలే. చందా డబ్బాలో ఎంత వెయ్యాలి? ఏ వైపు పెట్టుకోవాలి? పెట్టుకోకపోతే ఆఫీసులో ఏమన్నా అనుకుంటారా? చీర మీద ఎలా?

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ పువ్వు విషయంలో గట్టి నియమాలు చాలా తక్కువ. ఎవరో చెప్పగా విని అందరూ పాటించేవి మాత్రం చాలా ఉన్నాయి. కింద రెండూ విడివిడిగా చెబుతున్నాను.

ముందు, ఆ పువ్వు ఏంటో తెలుసుకోండి

మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పొలాలను ఫిరంగి గుండ్లు తిరగేసి కలగలిపేశాయి. అలా నేల తిరగబడితే తప్ప మొలకెత్తని గింజలు ఈ ఎర్ర పాపీవి. దాంతో యుద్ధభూముల్లో, సమాధుల మధ్య అవి విరగబూశాయి. 1915 మేలో బెల్జియంలోని ఈప్ర్ ఊరి దగ్గర పనిచేస్తున్న కెనడా సైనిక డాక్టర్ జాన్ మెక్రే వాటి మీద ఒక కవిత రాశాడు. అది చదివి అమెరికాలో మొయినా మైకేల్ అనే టీచర్ 1918లో పాపీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ ఆలోచనను బ్రిటన్‌కి మోసుకొచ్చింది అన్నా గెరాన్ అనే ఫ్రెంచ్ మహిళ.

1921 మేలో మాజీ సైనికుల కోసం బ్రిటిష్ లీజియన్ ఏర్పడింది. రాయల్ అన్న మాట తర్వాత చేరింది. అదే ఏడాది నవంబర్లో తొలి పాపీ అప్పీల్, అంటే ఈ పువ్వులిచ్చి చందాలు పోగుచేయడం, జరిగింది. 90 లక్షల పువ్వులు అయిపోయాయి, లక్షా 6 వేల పౌండ్లకు పైగా వచ్చాయి. మరుసటి ఏడాది మేజర్ జార్జ్ హౌసన్ లండన్‌లో ఒక పాపీ ఫ్యాక్టరీ పెట్టి, యుద్ధంలో వికలాంగులైన సైనికులకు ఈ పువ్వులు చేసే పని ఇచ్చాడు.

అంటే ఇది మొదటి నుంచీ రెండు పనులు చేసిన పువ్వు: పోయినవాళ్లను తలుచుకోవడం, బతికున్నవాళ్లకి ఆసరా ఇవ్వడం. మన దేశంలో 1949 నుంచి డిసెంబర్ 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవం ఇలాంటిదే. స్కూల్లో డబ్బులు వేసి జేబుకి చిన్న జెండా గుచ్చుకున్నవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

చాలామందికి వచ్చే ఇంకో అనుమానం: ఇది మన గసగసాల మొక్కేనా? కాదు. గసగసాలు, నల్లమందు వచ్చేది వేరే జాతి పాపీ. ఇది పొలాల్లో దానంతటదే మొలిచే కలుపు మొక్క. అయినా 2010లో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ బృందం పాపీలతో చైనా వెళితే, 19వ శతాబ్దంలో బ్రిటన్ తమ మీద చేసిన నల్లమందు యుద్ధాలు గుర్తొస్తాయి, తీసేయమని అక్కడివాళ్లు అడిగారు. వీళ్లు తీయలేదు.

మొదటి మెట్టు: డబ్బులు వేయడం

కాగితం పువ్వుకి ధర లేదు. "హౌ మచ్?" అని అడిగితే "మీ ఇష్టం" అనే అంటారు. కాబట్టి అడక్కుండానే మీరు ఇవ్వదలచుకుంది డబ్బాలో వేసి పువ్వు తీసుకోండి. ఒక పౌండు వేసినా, ఐదు వేసినా ఇచ్చేది అదే పువ్వు. చేతిలో చిల్లర అంతంతమాత్రంగా ఉన్న స్టూడెంట్ 50 పెన్నీలు వేస్తే ఎవరూ చిన్నచూపు చూడరు. నోటు వేసి చిల్లర అడగడం మాత్రం బాగోదు. ఇప్పుడు చాలాచోట్ల కార్డు తాకించే మెషీన్లు ఉంటాయి. వేసే ముందు తెర మీద ఎంత ఉందో చూసుకోండి. పిన్నుల్లా దొరికే లోహపు పాపీలు, బ్రూచ్‌లు వంటి వాటికి మాత్రం ధర ఉంటుంది.

పిల్లలు వెంట ఉంటే నాణెం వాళ్ల చేత వేయించండి. బల్ల దగ్గరున్న పెద్దాయన మెడల్స్ పెట్టుకుని ఉంటే ఏ రెజిమెంట్లో పనిచేశారని అడగొచ్చు, చాలామంది సంతోషంగా చెబుతారు. యుద్ధంలో ఎవరినైనా చంపారా అన్న ప్రశ్న పిల్లల నోటి నుంచి రాకుండా చూసుకోండి. పెద్దవాళ్ల నోటి నుంచి కూడా.

ఆన్‌లైన్లో ఇస్తే "గిఫ్ట్ ఎయిడ్" అని ఒక టిక్ బాక్స్ వస్తుంది. బ్రిటన్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు టిక్ పెడితే మీరిచ్చిన ప్రతి పౌండుకీ ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు లీజియన్‌కి వెళతాయి, మీకు అదనంగా ఖర్చేమీ ఉండదు. ట్యాక్స్ కట్టేంత సంపాదన లేని స్టూడెంట్లు మాత్రం టిక్ పెట్టకండి. మీరు కట్టిన ట్యాక్స్ సరిపోకపోతే ఆ తేడా మీరే కట్టాల్సి రావచ్చు.

మోసాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దయగల చోట దొంగలు కూడా చేరతారు. నిజమైన వాలంటీర్ దగ్గర గుర్తింపు బ్యాడ్జి, సీలు వేసిన డబ్బా ఉంటాయి. వీధిలో చందాలు పోగుచేయడానికి లోకల్ కౌన్సిల్ (లండన్‌లో అయితే పోలీసుల) అనుమతి ఉండాలి. వాలంటీర్లు వెంటపడరు. ఎవరైనా వెంటపడుతుంటే అదే మొదటి అనుమానం. రాయల్ బ్రిటిష్ లీజియన్ చారిటీ నంబర్ 219279. సేవాసంస్థల్ని నమోదు చేసే ఛారిటీ కమిషన్ సైట్లో కొట్టి చూసుకోవచ్చు. ఆన్‌లైన్ మార్కెట్లలో మెరిసే పాపీ బ్రూచ్‌లు చవగ్గా కనిపిస్తాయి. వాటిలో చాలావాటి నుంచి మాజీ సైనికులకి ఒక్క పైసా వెళ్లదు. కొనాలనుకుంటే లీజియన్ సొంత పాపీ షాప్‌లో కొనండి.

తెలుగు సంఘాలు నడిపేవాళ్లకి ఒక హెచ్చరిక. పాపీ గుర్తు లీజియన్ రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్. మీ కార్తీక వనభోజనాల ఫ్లయర్ మీద ఆ బొమ్మ వేసి చందాలు పోగుచేయకండి. నిజంగా వాళ్ల కోసం డబ్బు పోగుచేయాలనుకుంటే ముందు వాళ్లనే సంప్రదించండి. పద్ధతి, సామాను, డబ్బాలు వాళ్లే చెబుతారు.

రెండో మెట్టు: పెట్టుకోవడం

మగవాళ్లు ఎడమ వైపు, ఆడవాళ్లు కుడి వైపు పెట్టుకోవాలని ఒకరు చెబుతారు. ఆకు గడియారంలో 11 చూపించాలని ఇంకొకరు. రాజకుటుంబం ఇలాగే పెట్టుకుంటుందని మరొకరు. ఇవేవీ లీజియన్ పెట్టిన నియమాలు కావు. పెట్టుకోవడానికి తప్పొప్పుల పద్ధతి లేదని, గౌరవంగా పెట్టుకుంటే చాలని వాళ్లే చెబుతారు. ఎక్కువమంది ఎడమ వైపు, గుండె మీద పెట్టుకుంటారు. ఏదీ తోచకపోతే మీరూ అలాగే కానివ్వండి.

మెడల్స్ విషయంలో మాత్రం ఒక స్థిరమైన ఆచారం ఉంది. సైనికులు తమ సొంత మెడల్స్ ఎడమ రొమ్ము మీద పెట్టుకుంటారు. చనిపోయిన తాతవో తండ్రివో మెడల్స్ కుటుంబ సభ్యులు పెట్టుకుంటే కుడి రొమ్ము మీద పెట్టుకోవాలి. ఇంట్లో ట్రంకు పెట్టెలో ముత్తాత మెడల్ ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి.

2023 నుంచి ఇంగ్లండ్‌లో ఇచ్చే పాపీలో ప్లాస్టిక్ లేదు, మొత్తం కాగితమే. కొత్తగా పెట్టుకునేవాళ్ల పెద్ద సమస్య, అది మధ్యాహ్నానికల్లా రాలిపోవడం. కోటు మీద అయితే కాలర్ బొత్తాం కన్నంలో కాడ దూర్చి వెనక గుండుసూది గుచ్చండి. ఊలు స్వెట్టర్ మీద గుండుసూది నిలవదు, పిన్నీసే వాడాలి. కోటు విప్పి తగిలించే ఆఫీసుల్లో పువ్వు కోటుతో పాటే వెళ్లిపోతుంది, అందుకే చాలామంది రెండు తీసుకుంటారు.

చీరకి దారి సులువు. పైట ఎలాగూ ఎడమ భుజం మీదే పిన్నీసుతో ఉంటుంది. ఆ పిన్నీసులోకే పువ్వు కాడ దూరిస్తే పట్టుకి కొత్త కన్నం పడదు. ఉప్పాడ, గద్వాల చీరల మీద విడిగా గుండుసూది గుచ్చి లాగితే పోగు లేస్తుంది. చలికి పైన కోటు వేసుకునేట్టయితే కోటు మీదే పెట్టుకోండి, లోపల ఉన్నది ఎవరికీ కనిపించదు. చున్నీ మీద వద్దు, జారిపోతుంటుంది. కుర్తీ మీద పెట్టుకోండి. జడలో తురుముకోవడం కూడా వద్దు. నియమమేమీ లేదు గానీ, చూసేవాళ్లకి అది అలంకారంలా ఉంటుంది.

ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు, ఫుడ్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే స్టూడెంట్లు ముందు మేనేజర్ని అడగండి. పేషెంట్ దగ్గర, తిండి దగ్గర విడి సూదులు ప్రమాదం. అలాంటిచోట స్టిక్కర్ రకం దొరికితే మేలు, అది కూడా కుదరదంటే బయట వేసుకునే జాకెట్టు మీద చాలు. పసిపిల్లలకి సూదితో ఉన్నది పెట్టనే కూడదు.

మూడో మెట్టు: ఎప్పటినుంచి ఎప్పటిదాకా

అక్టోబర్ చివర్లో పాపీ అప్పీల్ మొదలైన రోజు నుంచి నవంబర్ 11 దాకా. 1918 నవంబర్ 11 ఉదయం 11 గంటలకి కాల్పులు ఆగాయి, అదే ఆర్మిస్టిస్ డే. దీనికి తోడు నవంబర్ రెండో ఆదివారం, యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే రిమెంబ్రెన్స్ సండే వస్తుంది. కొన్ని ఏళ్లలో ఆ ఆదివారం 11 తర్వాత పడుతుంది, అప్పుడు ఆదివారం దాకా ఉంచుకోవాలి. హాలోవీన్ వేషాల మీద పెట్టుకోకపోవడమే నయం.

మనకి ఇక్కడొక ప్రత్యేక చిక్కు ఉంది, దీపావళి. 2023లో నవంబర్ 12న రిమెంబ్రెన్స్ సండే, దీపావళి ఒకే రోజు వచ్చాయి. 2026లో నవంబర్ 8న మళ్లీ అంతే. రెండూ కలిపి చేసుకోవడంలో ఇబ్బందేమీ లేదు. కొత్తబట్టల మీద పాపీ పెట్టుకుని పొద్దున స్మారకం దగ్గరికి వెళ్లి, సాయంత్రం దీపాలు పెట్టుకోవచ్చు. ఉదయం 11కి వీధిలో బాంబులు పేలకుండా పిల్లల్ని పట్టుకుంటే చాలు. పోరాటాలు చూసొచ్చిన మాజీ సైనికుల్లో కొందరికి ఆ శబ్దాలు ఎప్పుడైనా కష్టమే.

నాలుగో మెట్టు: రెండు నిమిషాలు

నా దృష్టిలో పువ్వు కంటే ఇదే ముఖ్యం. పువ్వు పెట్టుకోకుండా ఈ రెండు నిమిషాలు సరిగ్గా నిలబడినవాడిని ఎవరూ వేలెత్తి చూపరు. ఖరీదైన బ్రూచ్ పెట్టుకుని ఈ రెండు నిమిషాల్లో ఫోన్ మాట్లాడినవాడిని అందరూ చూస్తారు.

ఈ మౌనం 1919లో మొదలైంది. నవంబర్ 11 ఉదయం 11కి స్కూళ్లు, ఆఫీసులు, చాలా షాపులు ఆగిపోతాయి. సూపర్‌మార్కెట్లో మైకులో చెబుతారు. ట్రాలీ ఆపి, చేతులు జేబుల్లోంచి తీసి, నిలబడండి. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. నడుస్తున్నప్పుడు చుట్టూ అందరూ ఆగితే మీరూ ఆగండి. కారు నడుపుతుంటే మాత్రం రోడ్డు మధ్యలో ఆపకండి. ఐటీలో ఉన్నవాళ్లు గమనించండి, అప్పుడు ఇండియాలో సాయంత్రం 4:30. హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉంటే వాళ్లకి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే మౌనం మధ్యలో "హలో, వినిపిస్తోందా?" అని వస్తుంది.

ఆదివారం మీ ఊరి యుద్ధ స్మారకం దగ్గరికి వెళితే వరస దాదాపు ఇలా ఉంటుంది. పదిన్నర నుంచి జనం చేరతారు. పరేడ్ వస్తుంది. ఒకరు ఇంగ్లీషు కవి లారెన్స్ బిన్యన్ కవితలోని నాలుగు పాదాలు చదువుతారు. చివర్లో అందరూ కలిసి "వీ విల్ రిమెంబర్ దెమ్" అంటారు, మీరూ అనవచ్చు. బ్యూగిల్ (సైనికుల బాకా) మీద లాస్ట్ పోస్ట్ అనే బాణీ వాయిస్తారు, తర్వాత మౌనం, మళ్లీ బ్యూగిల్. పూలచక్రాలు ఉంచుతారు. ఈ వరస ఊరూరికీ కాస్త మారుతుంది. బ్యూగిల్ ఎంత బాగా వాయించినా చప్పట్లు కొట్టకూడదు, ఇక్కడే చాలామంది తడబడతారు. మగవాళ్లు టోపీలు తీస్తారు, సిక్కుల తలపాగా ఉంటుంది. పసివాడు ఏడిస్తే కాస్త పక్కకి తీసుకెళ్తే సరి, ఎవరూ విసుక్కోరు. మధ్యలో క్రైస్తవ ప్రార్థనలు ఉంటాయి. మీ నమ్మకం వేరైతే ఊరికే నిలబడితే చాలు. లండన్‌లోని యుద్ధ స్మారకం సెనోటాఫ్ దగ్గర జరిగే జాతీయ కార్యక్రమంలో హిందూ, ముస్లిం, సిక్కు ప్రతినిధులు కూడా ఉంటారు.

వాట్సాప్ గురించి కూడా చెప్పక తప్పదు. మన గ్రూపుల్లో ఏ రోజైనా పొద్దున్నే శుభాకాంక్షలు పడిపోతాయి. "హ్యాపీ రిమెంబ్రెన్స్ డే" అని ఎవరికీ పంపకండి. ఇది సంతాప దినం. స్మారకం ముందు నవ్వుతూ సెల్ఫీలు కూడా వద్దు.

మనవాళ్లు ఇందులో ఎక్కడున్నారు

మొదటి ప్రపంచ యుద్ధానికి అవిభక్త భారతదేశం నుంచి 13 లక్షల మందికి పైగా వెళ్లారు, సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. నిజాం సంస్థానం నుంచి హైదరాబాద్ లాన్సర్లు (గుర్రపు దళం) సూయజ్, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లకి గుర్తు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అని పిలిచేది, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఆ ఊరి నుంచి సైన్యానికి వెళ్తున్నారు కనుకే.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు వీలైతే బ్రైటన్ పక్క కొండల మీదున్న ఛత్రీకి వెళ్లి రండి. బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులకి అక్కడే దహన సంస్కారాలు చేశారు. 1921లో పాలరాతి స్మారకం కట్టారు. లండన్‌లో కాన్‌స్టిట్యూషన్ హిల్ మీద భారత ఉపఖండం, ఆఫ్రికా, కరీబియన్ సైనికుల గుర్తుగా 2002లో తెరిచిన మెమోరియల్ గేట్స్ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో న్యూవ్ షపెల్ దగ్గర సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో పేరు కొట్టి వెతకొచ్చు. ఇంగ్లీషులో మన పేర్లు ఎలా పడితే అలా రాశారు కాబట్టి నాలుగైదు స్పెల్లింగులతో ప్రయత్నించండి.

2018లో, యుద్ధం ముగిసి వందేళ్లయిన సందర్భంలో, భారత సైనికుల గుర్తుగా లీజియన్ ఖాదీ పాపీ తెచ్చింది. బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ సభ్యుడు లార్డ్ జితేశ్ గఢియా దీనికి పూనుకున్నారు.

పెట్టుకోకపోతే?

ఏమీ కాదు. చట్టం లేదు, లీజియన్ కూడా ఎవరినీ బలవంతం చేయదు. టీవీ జర్నలిస్టు జాన్ స్నో తెర మీద పాపీ పెట్టుకోనని చెప్పి, 2006లో ఈ ఒత్తిడిని "పాపీ ఫాసిజం" అని విమర్శించారు. ఉత్తర ఐర్లండ్‌లో డెర్రీలో పుట్టిన ఫుట్‌బాలర్ జేమ్స్ మెక్లీన్ 1972లో డెర్రీలో బ్రిటిష్ సైనికులు పౌరుల మీద జరిపిన బ్లడీ సండే కాల్పుల కారణంగా పాపీ ఉన్న చొక్కా వేసుకోనన్నాడు. అందుకే బెల్‌ఫాస్ట్, డెర్రీ, డబ్లిన్ వెళ్లినప్పుడు ఈ పువ్వుకి రాజకీయ అర్థం తోడవుతుందని గుర్తుంచుకోండి. అక్కడ ఎవరు పెట్టుకున్నారు, ఎవరు పెట్టుకోలేదు అని ఆరా తీయకండి. సామ్రాజ్యం కోసం జరిగిన యుద్ధాల జ్ఞాపకాన్ని నేనెందుకు మోయాలి అనే భారతీయులూ ఉన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. మా ముత్తాత కూడా అక్కడే పోయాడు కదా అనేవాళ్ల మాటలోనూ ఉంది. ఆఫీసులో అందరూ పెట్టుకున్నారని టెన్షన్‌తో మాత్రం పెట్టుకోకండి. ఎందుకు పెట్టుకోలేదని ఎవరినీ అడక్కండి కూడా.

తెల్ల పాపీని 1933లో కో-ఆపరేటివ్ విమెన్స్ గిల్డ్ అనే మహిళా సంఘం మొదలుపెట్టింది. ఇప్పుడు పీస్ ప్లెడ్జ్ యూనియన్ అనే శాంతి సంస్థ నడుపుతోంది. యుద్ధాల్లో చనిపోయిన అందరినీ, సామాన్య పౌరుల్ని కూడా, తలుచుకుంటూ శాంతి కోరడం దాని ఉద్దేశం. ఆ డబ్బు లీజియన్‌కి వెళ్లదు. ఎరుపు, తెలుపు రెండూ కలిపి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఊదారంగు యుద్ధాల్లో చచ్చిపోయిన జంతువుల కోసం. నల్ల గులాబీలా ఉండేది ఆఫ్రికన్, కరీబియన్ మూలాల సైనికుల కోసం. స్కాట్లండ్ పాపీకి ఆకు ఉండదు, నాలుగు రేకులుంటాయి. అక్కడి డబ్బు పాపీస్కాట్లండ్ అనే అక్కడి సంస్థకి వెళుతుంది.

అయిపోయాక

సూది తీసేసి కాగితం రీసైక్లింగ్ డబ్బాలో వేయొచ్చు. దాచుకుని వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకున్నా తప్పులేదు, ఆ ఏడాది డొనేషన్ మాత్రం మళ్లీ ఇవ్వండి. కొందరు ఆదివారం కార్యక్రమం అయ్యాక స్మారకం మెట్ల మీద ఉంచి వెళ్తారు. అక్కడున్న పువ్వుల్ని, చక్రాల్ని ఫోటో కోసమైనా కదపకండి.

ఇవన్నీ బ్రిటన్ పద్ధతులు. కెనడాలో అయితే అక్కడి లీజియన్ ఎడమ వైపు, గుండె మీదే పెట్టుకోమంటుంది. అక్టోబర్ చివరి శుక్రవారం నుంచి నవంబర్ 11 దాకా. న్యూజీలాండ్‌లో పాపీ రోజులు ఏప్రిల్ 25న వాళ్ల సైనికుల్ని తలుచుకునే అంజాక్ డే ముందు వస్తాయి. అమెరికాలో మేలో, పోయిన సైనికుల్ని తలుచుకునే మెమోరియల్ డే ముందు శుక్రవారం. బ్రిటన్ నుంచి అక్కడికి మారేవాళ్లు ఆ తేదీలు ముందే చూసుకోండి.